డిష్‌వాషర్ కారుతోందా? ముందు గడియారం చూడండి

గిన్నెలు కడిగే మెషీన్ల గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రెండే ఫిర్యాదులున్నాయి. నీళ్లు బయటికి కారుతున్నాయని కొందరు, లోపలి నీళ్లు బయటికి పోవడం లేదని మరికొందరు రాశారు. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: వారం రోజులుగా మా డిష్‌వాషర్ ముందు నేల తడుస్తోంది. ఒకరోజు గ్లాసెడు నీళ్లు, ఇంకోరోజు నాలుగు చుక్కలు. తలుపు రబ్బరు పోయిందని మావారు, వెనక గొట్టం చిట్లిందని మా మరిది వాదించుకుంటున్నారు. మెషీను విప్పకుండా ఎవరిది నిజమో తేల్చే మార్గం ఉందా?

జవాబు: “నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అన్న సామెత మీ ఇంటి వాదనకు సరిగ్గా సరిపోతుంది. మెషీను వెనక మూలలో కారిన చుక్క కూడా నేల వాలును పట్టుకుని ముందుకు వచ్చి తలుపు కిందే తేలుతుంది కాబట్టి, తడి కనిపించిన చోటును బట్టి లోపం ఎక్కడుందో చెప్పడం కుదరదు. అయినా అందరి చూపూ మొదట తలుపు రబ్బరు మీదికే పోతుంది, ఎందుకంటే కంటికి కనిపించే భాగం అదొక్కటే. ‘ఎక్కడ’ అని వెతకడానికి ముందు ‘ఎప్పుడు’ అని కనిపెట్టండి. అందుకు ఒక గడియారం, నాలుగు పాత వార్తాపత్రికలు, ఒక టార్చిలైటు చాలు.

మెషీను పనిచేసే వరుస తెలిస్తే మిగతాది సులభం. మొదట ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుని సన్నని బుస శబ్దంతో 3, 4 లీటర్ల నీళ్లు లోపలికి వస్తాయి. వాల్వ్ మూసుకున్నాక కడిగే పంపు అవే నీళ్లను పదేపదే పైకి తోడి, తిరిగే రెక్కల రంధ్రాల గుండా గిన్నెల మీదికి చిమ్ముతుంది. చివరికి అడుగున ఉన్న డ్రెయిన్ పంపు ఆ మురికి నీళ్లను వెనక గొట్టంలోకి తోసేస్తుంది. నింపడం, చిమ్మడం, తోడిపోయడం అనే ఈ మూడు పనులే ఒక ప్రోగ్రాంలో పలుమార్లు తిరిగి జరుగుతాయి. ఈ కాలపు మెషీన్లలో చాలావాటికి అన్నీ కలిపి 10 నుంచి 15 లీటర్ల నీళ్లు సరిపోతాయి.

నేలను పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, మెషీను ముందు అంచు కిందికి, అందినంతవరకు పక్కలకు కూడా పత్రికలను తోసి, అన్నిటికన్నా చిన్న ప్రోగ్రాం పెట్టండి. ఐదేసి నిమిషాలకు ఒకసారి కాగితాలు చూసి, తడి మొదలైన నిమిషం రాసుకోండి. మెషీను ఆపి ఉన్నప్పుడు కూడా కాగితం తడుస్తుంటే అది కుళాయి దగ్గరి బిగింపు, లేదా వాల్వ్ దాకా వచ్చే గొట్టం, ఎందుకంటే ఆ భాగంలో కుళాయి కట్టేంతవరకు నీటి ఒత్తిడి రాత్రింబవళ్లు ఉంటుంది. బుస శబ్దం వస్తున్న మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే తడిస్తే ఇన్‌లెట్ వాల్వ్‌ను, దాని తర్వాతి భాగాలను అనుమానించాలి. చిమ్మే దశలో తడిస్తే తలుపు, తిరిగే రెక్కలు, కడిగే పంపు సీలు, ఈ మూడింటిలో ఒకటి. నీళ్లు తోడిపోసే గుడగుడ శబ్దంతోపాటు తడి వస్తే మీ మరిది మాటే నిజం కావచ్చు, చిట్లింది మురికి నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టం అయి ఉంటుంది.

ఇంకొక ఆధారం కూడా ఉంది. స్విచ్ ఆపి ప్లగ్ తీసేసిన తర్వాత, కాగితం మీది తడిని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. గోరువెచ్చగా, జారుడుగా ఉంటే అవి గిన్నెలు కడిగిన నీళ్లు. చల్లగా, ఏ జారుడూ లేకుండా ఉంటే కుళాయి నుంచి నేరుగా వచ్చినవి. ఈ ఒక్క పరీక్షతోనే సగం వాదన తీరిపోతుంది. తడి నేల మీద నిలబడి ప్లగ్‌ను మాత్రం ముట్టుకోకండి. ప్లగ్ చుట్టూ నీరు చేరి ఉంటే ముందు మెయిన్ స్విచ్ దగ్గరే కరెంటు కట్టేయాలి.

ప్రశ్న: ప్రోగ్రాం అయిపోయాక ఫిల్టర్ దగ్గర గుంటలో కొద్దిగా నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఇది లోపమేనా?

జవాబు: కాదు. ఆ గుంటలో కొద్దిపాటి నీరు నిలవడం మామూలే. అది పంపు సీలును ఎండిపోకుండా కాపాడుతుంది. ఫిల్టర్ మునిగి, పైన ఉన్న స్టీలు పళ్లెం మీదికి నీళ్లు వచ్చినప్పుడే ఆలోచించాలి.

ప్రశ్న: మాది సరిగ్గా ఆ రెండో పరిస్థితి. నిన్న తలుపు తీసేసరికి అడుగున బెత్తెడు మురికి నీళ్లు. రెండోసారి వేసినా అలాగే ఉంది. పంపు కాలిపోయిందా?

జవాబు: పంపు కాలిపోవడం చివరి అనుమానంగా ఉండాలి. మొదట తప్పు మెషీనుదా, ఇంటి పైపుదా అన్నది విడదీసుకోండి. సింకు కింద డ్రెయిన్ గొట్టాన్ని ఊడదీసేటప్పుడు అందులో నిలిచి ఉన్న నీళ్లు కారతాయి కాబట్టి కింద పాతగుడ్డ వేసి, గొట్టం చివరను బకెట్టులో పెట్టి ఎవరినైనా పట్టుకోమనండి. బకెట్టు నేల మీదే ఉంటే పంపు తిరగకపోయినా సైఫన్ వల్ల, అంటే గొట్టం చివర కిందికి ఉండటం వల్ల, నీళ్లు వాటంతటవే జారిపోయే వీలుంది, అందుకని గొట్టం చివర సింకు ఎత్తుకు తగ్గకుండా చూడాలి. అప్పుడు ప్రోగ్రాంను రద్దు చేసే బటన్ నొక్కితే చాలా మెషీన్లు వెంటనే నీళ్లు తోడిపోయడం మొదలుపెడతాయి. బకెట్టులోకి ధార జోరుగా పడి ఒక నిమిషం లోపే అడుగు ఖాళీ అయితే మీ మెషీను ఆరోగ్యంగా ఉన్నట్టే, అడ్డం సింకు ట్రాప్‌లోనో (సింకు కింద వంపు తిరిగి ఉండే పైపు) ఆ తర్వాతి పైపులోనో ఉంది. ప్లంబర్‌ను పిలవవలసిన చోట మెషీను కంపెనీ మనిషిని పిలిచి, వారం ఎదురుచూసే ఇళ్లు తక్కువేమీ కాదు.

ధార రాకపోతే లోపల చూడాలి. ప్లగ్ తీసి, నీళ్లను చిన్న గిన్నెతో తోడి, మిగిలినదాన్ని స్పాంజితో పీల్చేయండి. కింది ట్రేను బయటికి లాగితే ఫిల్టర్ కనిపిస్తుంది. మధ్యలో ఉన్న గొట్టం ఆకారపు జల్లెడను గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పి పైకి ఎత్తి, దాని చుట్టూ ఉన్న పలుచని జల్లెడ పళ్లేన్ని కూడా తీసి, రెండిటినీ వేడినీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగండి. తీగ బ్రష్ వాడితే జాలీ చిరుగుతుంది, ఆపైన ప్రతి గింజా పంపులోకే పోతుంది.

ఇప్పుడు ఖాళీ గుంటలోకి టార్చి వేసి చూడండి. ఒక పక్క గోడకు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. కొన్ని మెషీన్లలో దాన్ని చెంచా కాడతో మీటితే వస్తుంది, కొన్నిటికి ఒక స్క్రూ ఉంటుంది. ఇక్కడ వట్టి చేత్తో తడమవద్దు, మందపాటి గ్లవ్ వేసుకోండి, ఎందుకంటే పగిలిన గ్లాసు ముక్క చేరే చోటు ఇదే. మూత వెనక గోటి బిళ్ల కన్నా కాస్త పెద్ద రెక్కలున్న చక్రం కనిపిస్తుంది, అదే డ్రెయిన్ పంపు ఇంపెల్లర్. పళ్లు కుట్టుకునే పుల్ల, సీసా మీది లేబుల్ ముక్క, గింజ, గాజు పెంకు, ఇలాంటిదేదో ఒకటి ఆ రెక్కల సందులో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని పట్టకారుతో తీసి, పుల్లతో చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మంచి పంపు చక్రం సాఫీగా తిరగదు. కొంచెం మొరాయించి, టక్కుమని ముందుకు దూకి, మళ్లీ మొరాయిస్తుంది. లోపల అయస్కాంతం ఉండటం వల్ల వచ్చే పట్టు అది, ఇరుక్కుపోవడం కాదు. ఏ పట్టూ లేకుండా గాలిలో తిరిగినట్టు తిరిగితేనే చక్రం దాని ఇరుసు నుంచి విడిపోయిందని అనుమానించాలి.

అన్నీ బిగించాక శబ్దం వినండి. మోటారు మూలుగుతూ నీళ్లు కదలకపోతే ఇంకా అడ్డం ఉంది, అది గొట్టంలో కూడా ఉండవచ్చు. ఎప్పుడూ తక్కువ వేడి ప్రోగ్రాంలే వాడే ఇళ్లలో జిడ్డు గొట్టం లోపలి గోడలకు పేరుకుని, దారిని సన్నబరుస్తుంది. ఏ శబ్దమూ రాకపోతే పంపుకు కరెంటు అందడం లేదు, లేదా దాని మోటారులోని తీగచుట్ట తెగింది. ఆ పని మాత్రం తెలిసినవారికే వదిలేయండి.

ఇంకొక సంగతి. నీళ్లు పూర్తిగా పోయి, పది నిమిషాల తర్వాత తలుపు తీస్తే మళ్లీ కొన్ని కనిపిస్తున్నాయంటే పంపు తన పని చేసింది. పంపు దాటాక వెనక్కి రానివ్వకుండా అడ్డుకునే నాన్ రిటర్న్ వాల్వ్ మూసుకోవడం లేదు, దాంతో గొట్టంలో మిగిలిన నీరు వెనక్కి దిగుతోంది. దాని నాలుక మీద చేరిన జిడ్డును కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

ప్రశ్న: పోయిన నెలలో వంటగది సింకు మార్చాం. అప్పటినుంచి డిష్‌వాషర్ నీళ్లు పోవడం లేదు. మెషీను కంపెనీ మనిషి వచ్చి మెషీను బాగానే ఉందని చెప్పి వెళ్లాడు. ప్లంబరూ సింకు బాగానే ఉందంటున్నాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరినీ నమ్మవచ్చు, ఎందుకంటే తప్పు ఇద్దరి పనులూ కలిసే చోట ఉంది. కొత్త సింకు ట్రాప్‌కు డిష్‌వాషర్ గొట్టం తగిలించేందుకు పక్కన చిన్న మూతి ఉంటుంది. డిష్‌వాషర్ లేని ఇళ్లలో నీళ్లు కారకుండా ఉండేందుకు చాలా ట్రాపులలో ఆ మూతిని లోపల ప్లాస్టిక్ పొరతోనో, బిళ్లతోనో మూసే తయారు చేస్తారు. బిగించేవారు దాన్ని కోసి తీసేయాలి. తీయకుండానే గొట్టాన్ని ఎక్కించి క్లిప్పు బిగించేస్తే బయటికి ఏ లోపమూ కనిపించదు. గొట్టం ఊడదీసి ఆ మూతిలోకి పెన్సిల్ పెట్టి చూడండి, ఎంత దూరం పోతుందో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

అది తెరిచే ఉంటే గొట్టం వెళ్లే దారి చూడండి. డ్రెయిన్ గొట్టం మెషీను అడుగునుంచి బయలుదేరి, ఒకసారి పైకి ఎక్కి, సింకు అడుగుకు దగ్గరగా వంపు తిరిగి, ఆ తర్వాతే ట్రాప్‌లోకి దిగాలి. ఆ వంపు ఎత్తు నేలనుంచి 40 సెంటీమీటర్లకు తగ్గకుండా, 100 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. మీ మోడల్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఎక్కువ ఎత్తు పెడితే పంపు తోయలేదు. అసలు పైకి ఎక్కకపోతే రెండు రకాల కష్టాలు వస్తాయి. సింకులో పోసిన నీళ్లు మెషీనులోకి దిగడం ఒకటి. రెండోది మరింత వింతగా ఉంటుంది. మెషీను నీళ్లు నింపుకుంటున్నకొద్దీ అవి సైఫన్ పద్ధతిలో గొట్టం గుండా జారిపోతూ ఉంటాయి. అప్పుడు తెర మీద నీళ్లు రావడం లేదన్న లోపం కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు కుళాయిని తిట్టుకుంటారు. ట్రాప్‌కు కాకుండా నిలువు పైపులోకి గొట్టం పెట్టినప్పుడు దాని చుట్టూ సిమెంటో టేపో వేసి గాలి ఆడకుండా మూయడం వల్లకూడా ఇదే సైఫన్ పుడుతుంది, కాబట్టి అక్కడ కొంత సందు ఉండనివ్వాలి.

మెషీనును గూట్లోకి నెట్టేటప్పుడు గొట్టం వెనక గోడకు నొక్కుకుని మడత పడటం కూడా ఉంది. కొలతలు సరిపోయినా నీళ్లు పోకపోతే ఒకసారి అరచేయి మందాన ముందుకు లాగి వెనక చూడండి.

ప్రశ్న: పౌడర్ అయిపోతే చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్‌ను నాలుగు చుక్కలు వేశాను. తలుపు కిందనుంచి నురగ పొంగి వంటగది అంతా అయింది. మెషీను పాడైందేమోనని భయంగా ఉంది.

జవాబు: మెషీను పాడవలేదు, భయపడకండి. చేతి లిక్విడ్ నురగ కోసమే తయారైంది, డిష్‌వాషర్ పౌడర్ నురగ రాకుండా తయారైంది. నీళ్లను బలంగా చిమ్మే పెట్టెలో మొదటిదాన్ని వేస్తే నాలుగు చుక్కలు కూడా కవ్వంతో చిలికినట్టు అవుతాయి. నీటిని ఆపగలిగే తలుపు అంచు నురగను ఆపలేదు. పంపు కూడా గాలి బుడగలను తోయలేదు గనక నీళ్లు పోవడం లేదని కూడా మీకు అనిపించి ఉంటుంది.

స్విచ్ ఆపి, తలుపు తెరిచి, నురగ దానంతటదే అణిగేదాకా ఒక గంట వదిలేయండి. చేతికి అందిన నురగను గిన్నెతో తీసేసి, మిగిలిన నీటిని తోడించి, ఏమీ వేయకుండా, గిన్నెలు కూడా లేకుండా చల్లనీళ్ల రిన్స్ ప్రోగ్రాంను రెండు మూడుసార్లు తిప్పండి. వేడి ప్రోగ్రాం పెట్టకండి, మళ్లీ పొంగుతుంది. ఈ సందర్భంలో నా అజ్ఞానాన్నీ ఒప్పుకోవాలి. ఒకసారి మా ఇంటి మెషీను మూడు రోజులు వరసగా కారితే తలుపు లోపలి పలక దాకా విప్పి చూశాను. అసలు కారణం సింకులో సబ్బునీళ్లలో నానబెట్టిన పెద్ద గిన్నెను సరిగా తొలవకుండా ట్రేలో పెట్టడం. గిన్నెలు మరకలు లేకుండా ఆరేందుకు పోసే ద్రవం, అంటే రిన్స్ ఎయిడ్, మూత వదులై, అది లోపల ఒలికినా నురగ ఇలాగే వస్తుంది.

ప్రశ్న: చిమ్మే దశలోనే, అదీ తలుపు ఎడమ మూలనుంచే చుక్కలు పడుతున్నాయని ఖాయమైంది. రబ్బరు గాస్కెట్ మార్చేయమంటారా?

జవాబు: ముందు రసమట్టం తెచ్చి తలుపు తెరిచి లోపలి అంచు మీద పెట్టండి. మెషీను ముందుకు వాలి ఉన్నా, ఒక పక్కకు ఒరిగి ఉన్నా నీరు ఆ మూలకే చేరుతుంది. ముందు కాళ్లను తిప్పి సరిచేయవచ్చు. గూట్లో బిగించే రకాల్లో వెనక కాలిని కూడా ముందువైపున్న స్క్రూతోనే తిప్పేలా చేసే ఏర్పాటు తరచుగా ఉంటుంది.

తర్వాత నీళ్లు చిమ్మే కింది రెక్కను ఊడదీసి చూడండి. అది రెండు ప్లాస్టిక్ పలకలను అంచుల వెంబడి అతికించి చేసినది. ఆ అతుకు ఏళ్ల తరబడి వేడికి విచ్చుకుంటే, రంధ్రాల్లోంచి పైకి పోవలసిన నీరు అంచునుంచి పలుచని రేకులాగా పక్కకు చిమ్మి, తిరిగిన ప్రతిసారీ తలుపు అడుగును కొడుతుంది. అలాంటి దెబ్బకు కొత్త రబ్బరైనా ఆగదు. కుళాయి కింద పట్టి నీళ్లు పోస్తే అతుకు విచ్చిందో లేదో కంటికే కనిపిస్తుంది. కింది ట్రేలో వెడల్పాటి పళ్లేన్ని తలుపు వైపు వాల్చి పెట్టినా నీరు దాని మీద పడి ఎగిరి ఆ మూలకే వెళుతుంది.

ఇవేవీ కాకపోతే అప్పుడు గాస్కెట్. పక్కల, పైన తిరిగే రబ్బరు వేరు, తలుపు అడుగు అంచున ఉండే సన్నని పట్టీ వేరు. మూల దగ్గర ఈ రెండూ కలిసే చోటే జిడ్డు గట్టిపడి రబ్బరును ఎత్తేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో ఆ మడతను తుడవండి. చాలామంది వెనిగర్ సలహా ఇస్తారు. ఎప్పుడో ఒకసారి అయితే పరవాలేదు గానీ, వారం వారం వాడితే రబ్బరు చెడుతుందని నా అభిప్రాయం. రబ్బరు పగుళ్లు వేసి, వేలితో నొక్కితే తిరిగి లేవకపోతే మార్చక తప్పదు. కొత్తదాన్ని మడతలు పోయేలా వేడినీళ్లలో కాసేపు ఉంచి, పైభాగం మధ్యనుంచి మొదలుపెట్టి రెండు వైపులా గాడిలోకి నొక్కుకుంటూ రండి. ఎక్కడా సాగదీయకండి. సాగదీసిన రబ్బరు కొన్నాళ్లకు ముడుచుకుని కింద మూల దగ్గర ఖాళీ వదులుతుంది, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రశ్న: మా మెషీను ఆన్ చేయగానే ఒక కోడ్ చూపించి, ఎంతసేపైనా నీళ్లు తోడే మోటారును ఆపకుండా తిప్పుతోంది. నేల మీద చుక్క నీరు లేదు, లోపల కూడా లేదు. మెషీనును వెనక్కి వంచితే బాగవుతుందని ఒకరు చెప్పారు.

జవాబు: ఆ సలహాతో సగం పనే అవుతుంది. మెషీను అడుగున, కడిగే తొట్టికి కింద, మరో పళ్లెం ఉంటుంది. లోపల ఏ బిగింపు కారినా ఆ నీరు నేల మీదికి రాకుండా ముందు ఆ పళ్లెంలో చేరుతుంది. అందులో థర్మోకోల్ బిళ్ల ఒకటి తేలి చిన్న స్విచ్‌ను నొక్కితే, మెషీను కొత్తగా నీళ్లు తీసుకోవడం మానేసి డ్రెయిన్ పంపును ఆపకుండా నడుపుతుంది. బాష్, సీమెన్స్ మెషీన్లు ఈ సంగతిని ఇ15 అనీ, శామ్‌సంగ్ మెషీన్లు ఎల్‌సీ అనీ చూపిస్తాయి. మీ మెషీను కోడ్‌ను దాని పుస్తకంలో సరిచూసుకోండి. అంటే మీ మెషీను చెడిపోయి మొండికేయడం లేదు, మీ నేలను కాపాడుతోంది.

ప్లగ్ తీసి, కుళాయి కట్టి, ఇద్దరు పట్టుకుని వెనక్కి వంచితే ఆ నీళ్లు పోతాయి, బిళ్ల దిగుతుంది, మెషీను నడుస్తుంది. గూట్లో బిగించినదైతే వంచే ప్రయత్నం చేయకుండా ముందు కింది పలక స్క్రూలు తీసి స్పాంజితో పీల్చండి. కానీ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయన్న ప్రశ్న అలాగే ఉంది. ఇక్కడ కూడా మొదటి ఉత్తరానికి చెప్పిన ఉపాయమే పనికొస్తుంది. కింది పలక తీసి ఉంచి, చెయ్యి లోపల పెట్టకుండా టార్చి వేసి చూస్తూ ఒక ప్రోగ్రాం నడపండి. నింపేటప్పుడే పళ్లెం తడిస్తే ఇన్‌లెట్ వైపు, చిమ్మేటప్పుడు తడిస్తే పంపు సీలు వైపు చూడమని వచ్చిన మెకానిక్‌కు చెప్పగలుగుతారు. ఒకసారి నురగ పొంగి ఆ పళ్లెంలోకి దిగి ఉంటే మాత్రం, ఆరబెట్టాక ఆ కోడ్ తిరిగి రాదు.

ప్రశ్న: రాత్రి ఖాళీగా ఉన్న మెషీనులో తెల్లారేసరికి నీళ్లు చేరుతున్నాయి. ఎవరూ ఆన్ చేయలేదు.

జవాబు: దీనికి మూడు రాత్రుల పరీక్ష ఉంది. ప్రతి రాత్రీ లోపలి నీరు తోడేసి, గుంట అంచున టేపు ముక్క అతికించి గుర్తు పెట్టుకోండి. మొదటి రాత్రి మెషీను కుళాయిని గట్టిగా కట్టి, సింకు మాత్రం ఎప్పటిలా వాడండి. అయినా నీళ్లు చేరితే అవి సింకు నుంచి డ్రెయిన్ గొట్టం గుండా వెనక్కి వస్తున్నాయి, చేరిన నీటికి జిడ్డు వాసన కూడా ఉంటుంది. రెండో రాత్రి కుళాయి తెరిచి, ప్లగ్ మాత్రం తీసేయండి. ఇప్పుడు తేటనీరు చేరితే ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. ఇసుక రేణువో, సున్నపు పొలుసో దాని నోట్లో అడ్డుపడి ఉంటుంది. వాల్వ్‌ను బాగుచేయడం కన్నా మార్చడమే నయం. మూడో రాత్రి కుళాయి తెరిచి, ప్లగ్ కూడా పెట్టి ఉంచండి. అప్పుడు మాత్రమే నీళ్లు వస్తే వాల్వ్‌కు అక్కరలేని వేళ కరెంటు అందుతోంది, తప్పు కంట్రోల్ బోర్డులో ఉంది. వాల్వ్ అమ్మేవారు ఈ మూడో సంగతి అడగరు. కారణం తేలి, మరమ్మతు అయ్యేదాకా వాడనప్పుడల్లా కుళాయి కట్టేసి ఉంచండి.

ప్రశ్న: ఇన్‌లెట్ గొట్టం తల దగ్గర పెద్ద పెట్టెలాంటిది ఉంది. దాని కిటికీలో ఎరుపు రంగు కనిపిస్తోంది, నీళ్లు రావడం లేదు. విప్పి బాగుచేయవచ్చా?

జవాబు: చేయకూడదు. అది రెండు పొరల గొట్టం. లోపలి పొర చిట్లి నీరు బయటి పొరలోకి వస్తే, కుళాయి దగ్గరున్న ఆ పెట్టెలోని వాల్వ్ మూతపడి నీటిని ఆపేస్తుంది, దానికి గుర్తే ఆ ఎరుపు. ఒకసారి అలా మూతపడిన తర్వాత మొత్తం గొట్టాన్నే మార్చాలి. కొత్తది బిగించేటప్పుడు పాత రబ్బరు వాషర్‌ను తిరిగి వాడకండి. ప్లాస్టిక్ నట్టును చేతితో బిగువు వచ్చేదాకా తిప్పి, ఆపైన కారితేనే స్పానర్‌తో కొంచెం బిగించండి. బలం కొద్దీ బిగిస్తే నట్టు చీలుతుంది.

ప్రశ్న: నేల పొడిగానే ఉంది కానీ మెషీను పైనున్న చెక్క పలక అడుగుభాగం తడిసి ఉబ్బుతోంది. ఇది ఎక్కడి లీకు?

జవాబు: ఇది లీకు కాదు, ఆవిరి. ప్రోగ్రాం అయిన వెంటనే తలుపు జానెడు తెరిస్తే లోపలి వేడి ఆవిరి అంతా నేరుగా పైకి లేచి పలక అంచుకు తగులుతుంది. అరగంట ఆగి తీయడమో, తీస్తే పూర్తిగా తెరిచి ట్రేలు లాగేయడమో చేయండి. పలక అడుగున అతికించేందుకు సన్నని రేకు పట్టీ ఒకటి చాలా మెషీన్లతోపాటే ఇస్తారు. బిగించేవారు దాన్ని అతికించకుండా వదిలేయడం తరచుగా జరుగుతుంది. మెషీను పుస్తకం వచ్చిన ప్లాస్టిక్ సంచిని ఇంకా పారేయకపోతే, అందులో వెతికి చూడండి.